వెనుకబడిన నర్సును తీర్చిదిద్దుట

జబ్బు రాని యిల్లు లేదు. ఆసుపత్రి గడప త్రొక్కని కుటుంబము అరుదు. డాక్టరుగారు వార్డునకు వచ్చి, రోగిని చూచి, కాగితముపై నాలుగు పంక్తులు వ్రాసి పోవుదురు. ఆ నాలుగు పంక్తులును మందై, సూదియై, సెలైనై రోగి శరీరములోనికి చేరుట నర్సు చేతిమీదుగానే జరుగును. అర్ధరాత్రివేళ రోగి ఊపిరి మాఱిన సంగతిని మొదట కనిపెట్టవలసినదియు ఆమెయే. కావున ఆమె పనితనము ఆమె ఉద్యోగమునకు మాత్రమే సంబంధించినది కాదు. మన బిడ్డల ప్రాణములకును సంబంధించినది.

నర్సు లందఱును ఒక్క తీరున నుండరు. ఒకామె వచ్చి మంచము ప్రక్క నిలిచిన చాలును, రోగికి ధైర్యము కలుగును. మఱియొకామె సిరంజి పట్టుకొని వచ్చినచో, "అయ్యో, ఈమె చేతనా?" యని తోడుండువారి గుండె దడదడ లాడును. "ఈమెకు చేతగాదు" అని యిట్లు ముద్రపడిన నర్సును ఏమి చేయవలెను? సాధారణముగా కనబడు మార్గములు రెండు. మొదటిది, పదిమంది యెదుట గద్దించుట. రెండవది, వేఱొక వార్డునకు మార్చుట. గద్దించినచో ఆమెకు భయము కలుగును గాని విద్య రాదు. మార్చినచో తప్పు తొలగదు. ఈ వార్డులోని అపాయము ఆ వార్డునకు నడచిపోవును, అంతే. ఈ రెండింటికంటె మేలైన మూడవ మార్గ మొకటి కలదు. దానిని గృహిణులును తెలిసికొనుట మంచిదని మా యభిప్రాయము.

పాఠము పాతదే

లండను నగరమున సెయింట్ థామస్ ఆసుపత్రిలో 1860లో ఫ్లారెన్స్ నైటింగేల్ నిధితో నర్సుల పాఠశాల వెలసినది. అక్కడ మేట్రనుగా నున్న వార్డ్రోపరు దొరసాని ప్రతి విద్యార్థినిని గూర్చియు నెలనెలకు ఒక పట్టిక నింపెడిది. వేళ తప్పకుండుట, సందడి లేక మెలగుట, నమ్మదగియుండుట, శుభ్రత మొదలగు గుణములు అందులో ఒకవైపు. పుండ్లకు కట్లు కట్టుట, కదలలేని రోగిని ఒరిపిడి పుండ్లు పడకుండ తిప్పి పరుండబెట్టుట మొదలగు పనులు మఱియొకవైపు. "ఈమె మంచి నర్సు, ఈమె చెడ్డ నర్సు" అని ఒక్క మాటతో తేల్చివేయక, ఏ పని యెంతవఱకు అలవడినదో వేఱువేఱుగా గుర్తించుటయే ఆ పట్టికలోని కీలకము. వెనుకబడిన నర్సును బాగుచేయదలచినవారు నేటికిని మొదట చేయవలసిన పని యిదియే.

మన దేశమున ఈ విద్య వ్యాపించుటకు చాల కాలము పట్టినది. అన్నా కుగ్లర్ అను అమెరికా వైద్యురాలు 1883లో గుంటూరు వచ్చి, 1898 నాటికి స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి తెఱచెను. వెల్లూరులో ఐడా స్కడ్డరు 1909లో నర్సుల పాఠశాల ప్రారంభించెను. ఐనను 1946లో భోర్ సంఘమువారు తమ నివేదికలో, దేశమున దాదాపు 43,000 జనులకు ఒక్క నర్సు మాత్రమే కలదని వ్రాసిరి. ఆ మఱుసటి యేడే నర్సుల చదువును క్రమపఱచుటకు చట్టము వచ్చినది. నాటికిని నేటికిని స్థితి యెంతయో మాఱినది. కాని నర్సు చదువునకు మూడు నాలుగేండ్లు పట్టును. ఆ చదువునకై ఒక కుటుంబము అప్పుచేసి యుండవచ్చును. ఇంత వెచ్చించి తయారైన మనిషిని, తీర్చిదిద్దుటకు ప్రయత్నమైనను చేయకుండ త్రోసివేయుట మిక్కిలి నష్టము.

కారణ మెఱుగక మందు లేదు

జ్వరము వచ్చినదనగానే ఏదో యొక మందు మ్రింగించుట తగదు గదా! పని చెడిపోవుటయు జ్వరము వంటిదే. దాని వెనుక కారణములు వేఱువేఱుగా నుండును.

ఒకామెకు విషయమే తెలియదు. ఒకామెకు తెలిసినను చేయి తిరుగలేదు. ఒకామె నలుబది దాటినది. సిరంజిపై సన్నని గీతలు ఆమెకు మసకగా కనబడుచున్నవి. ఆమెకు కావలసినది చీవాట్లు కాదు, కండ్లద్దములు. ఒకామె రాత్రి డ్యూటీ చేసి, పగలు ఇంటి చాకిరీ చేసి, నిద్ర లేక తూలుచున్నది. ఒకామెకు సందేహము కలిగినను అడుగుటకు భయము. కడపటిది నిర్లక్ష్యము, అదియు లేకపోలేదు. ఆఱు కారణములకు ఒకే మందు వేయువారు ఐదుగురి విషయమున తప్పక పొరబడుదురు.

పనిభారమును కూడ ఈ లెక్కలో చేర్చవలెను. లిండా ఐకెన్ అను పరిశోధకురాలు తన బృందముతో అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రులను పరిశీలించి 2002లో ప్రకటించిన విషయమిది: ఒక నర్సు చూడవలసిన రోగుల సంఖ్య ఒకటి పెరిగినకొలది, శస్త్రచికిత్స పొందినవారు నెలలోపల మరణించు అవకాశము నూటికి 7 వంతులు హెచ్చినట్లు కనబడెను. కావున ఒక నర్సును "చేతగానిది" యనుటకు ముందు, ఆమె చేతిలో ఎందఱు రోగులను పెట్టితిమో ఆసుపత్రివారు లెక్కచూచుకొనవలెను.

కారణము కనుగొనుటకు చాడీలు వినుట పనికిరాదు. హెడ్ నర్సు స్వయముగా ప్రక్కన నిలిచి, ఆ పనిని మొదటినుండి తుదివఱకు చూడవలెను. పిమ్మట ఏకాంతమున పిలిచి, "అమ్మాయీ, ఈ మందు ఎందుకిచ్చుచున్నావో నీ మాటలతో చెప్పు" అని అడుగవలెను. తెలియనితనమో, చేతికి అలవాటు లేమియో, భయమో, ఆ సమాధానములోనే చాలవఱకు బయటపడును.

ఒక ఉదాహరణము

చదువు ముగించి యేడాది గడచిన ఒక నర్సును ఊహింతము. ఆమెపై ఫిర్యాదులు మూడు. ఆమె పెట్టిన సెలైను వేళకు ముందే అయిపోవుచున్నది. ఆమె వ్రాసిన పట్టికలో రోగులందఱి ఊపిరియు నిమిషమునకు 20 గానే యున్నది. డాక్టరునకు ఫోను చేసినపుడు ఆమె తడబడుచున్నది.

మొదటిదానిని చూతము. 500 మిల్లీలీటర్ల సెలైను 8 గంటలలో ఎక్కవలెను. గొట్టము మిల్లీలీటరునకు 20 చుక్కలు విడుచునది. అనగా మొత్తము 10,000 చుక్కలు, 480 నిమిషములలో. నిమిషమునకు సుమారు 21 చుక్కలు. ఈ లెక్క ఆమె పరీక్షలో వ్రాసినదే. వార్డులోనికి వచ్చిన పిదప మఱచి, కంటి అంచనాతో త్రిప్పుచున్నది. గుండె బలహీనమైన వృద్ధునకు ఎనిమిది గంటల నీరు రెండు గంటలలో ఎక్కినచో, ఊపిరితిత్తులలో నీరు నిండి ఊపిరి ఆడకపోవచ్చును. దీనికి చికిత్స సులభము: వారము దినములు రోజునకు ఐదు లెక్కలు చేయించుట; గడియారము చేతబట్టి చుక్కలు లెక్కించుట; సీసాపై కాగితపు పట్టీ అంటించి ఏ గంటకు ఎంతవఱకు దిగవలెనో గీత గీయుట.

రెండవది ఊపిరి. పెద్దవారికి విశ్రాంతిగా నున్నపుడు నిమిషమునకు 12 మొదలు 20 వఱకు ఊపిరి ఆడుట సహజము. అది 28కి, 30కి పెరిగినచో రోగి స్థితి క్షీణించుచున్నదనుటకు తొలి గుఱుతు కావచ్చును. చూడకుండ 20 అని వ్రాసిన నర్సు ఆ గుఱుతును తుడిచివేసినట్లే యగును. ఇందులకు హెడ్ నర్సును ఈమెయు ఒకే రోగి ఊపిరిని నిండు నిమిషము వేఱువేఱుగా లెక్కించి, అంకెలు పోల్చి చూచుకొనవలెను. పదిమంది రోగులయొద్ద ఇట్లు చేసినపిదప ఆమెకు లెక్కయే కాదు, చూపుకూడ అలవడును.

మూడవది కబురు చెప్పుట. అమెరికా నౌకాదళమునుండి ఆసుపత్రులలోనికి వచ్చిన పద్ధతి యొకటి కలదు. అందులో మాట నాలుగు భాగములు: ఇప్పుడేమి జరుగుచున్నది, ముందేమి జరిగినది, నాకేమి తోచుచున్నది, మీరేమి చేయవలెను. "డాక్టరుగారూ, నేను ఆడవారి వార్డు నర్సును. 12వ మంచములోని అమ్మగారికి ఊపిరి 30 ఉన్నది, నాడి 120 ఉన్నది. నిన్న కడుపునకు ఆపరేషను జరిగినది. ఉదయము ఊపిరి 18 మాత్రమే యుండెను. స్థితి చెడుచున్నదని నాకు తోచుచున్నది. మీరు వెంటనే వచ్చి చూడవలెను." ఇది చెప్పుటకు అర నిమిషము చాలును. తడబడు నర్సుకు కావలసినది ధైర్యవచనములు కావు. ఇట్టి యచ్చు ఒకటి కావలెను. పదిసార్లు బిగ్గఱగా పలికించినచో అదే నోట నిలుచును.

మొదటి పొరపాటు బొమ్మమీదనే

అమెరికాలోని హార్ట్‌ఫర్డు పట్టణపు ఆసుపత్రివారు మార్తా ఛేజ్ అను బొమ్మలు చేయు దొరసానిచే, నర్సు విద్యార్థినులకై నిలువెత్తు బొమ్మనొకదానిని చేయించి, 1911లో పాఠశాలకు తెప్పించుకొనిరి. విద్యార్థినులు దానిని "మిసెస్ ఛేజ్" అని పిలిచిరి. దానికి స్నానము చేయించి, బట్టలు మార్చి, ప్రక్కకు త్రిప్పి చేతి పని నేర్చిరి. 1960లో నార్వే దేశపు లేర్డల్ అను బొమ్మల తయారీదారుడు ఊపిరి పోయుట నేర్చుకొనుటకు మఱియొక బొమ్మను రూపొందించెను. పిల్లలు ఆడుకొను వస్తువు చేయువారి చేతినుండి ప్రాణములు నిలుపు సాధనము వచ్చుట విచిత్రము గదా! పొరపాటు జరుగక తప్పదన్నచో అది బొమ్మమీద జరుగవలెను గాని రోగిమీద కాదు. ఈ బొమ్మల పరమార్థ మంతయు నిదియే.

ఇక క్రమము: మొదట చేసి చూపుట, పిదప బొమ్మపై చేయించుట, పిదప తాను ప్రక్కన నిలిచియుండగా రోగికి చేయించుట, కట్టకడపట ఒంటరిగా విడుచుట. ఒక్కొక్క మెట్టును తప్పు లేకుండ ఎక్కిన పిమ్మటనే పై మెట్టు. అంతవఱకు ఆ యొక్క పనిని ఆమె ఒంటరిగా చేయరాదు. తక్కిన, వచ్చిన పనులు చేయుచునే యుండవచ్చును. నర్సు గౌరవమా, రోగి ప్రాణమా యని తర్కించువారికి ఇదియే మా సమాధానము. ఈ కట్టడి నుంచినచో ఒకటి నిలుపుటకై మఱియొకటి వదలుకొన నక్కఱలేదు.

మందుల వేళ

మందు ఇచ్చునపుడు ఐదు సంగతులు సరిచూడవలెనని ప్రతి నర్సునకును నేర్పుదురు: రోగి, మందు, మోతాదు, ఇచ్చు మార్గము, వేళ. వినుటకు ఇది తేలిక, ఆచరణము కష్టము. ఒకే వార్డులో ముగ్గురు లక్ష్మమ్మలుందురు. "నీవు లక్ష్మమ్మవేనా?" అనినచో మగతలోనున్న ఏ ముసలమ్మయైనను ఊకొట్టును. "అమ్మా, మీ పేరేమి? ఇంటిపేరేమి?" అని అడిగి, ఆమె నోట పలికించి, చేతి పట్టీపై చూచుకొనవలెను.

ఇన్సులిను సంగతి ఇంటిలో సూది వేసికొనువారును తెలియదగినది. మన దేశమున మిల్లీలీటరునకు 40 యూనిట్ల ఇన్సులినును కలదు, 100 యూనిట్లదియు కలదు. సిరంజీలును అందుకు తగినట్లు రెండు రకములు; సాధారణముగా ఎఱ్ఱ మూతది 40కి, నారింజ రంగు మూతది 100కి. 40 సిరంజిలో 100 రకపు మందును 20 గీతవఱకు లాగినచో, రోగికి చేరునది 20 యూనిట్లు కాదు, 50 యూనిట్లు! రక్తములోని చక్కెర పడిపోయి, స్పృహ తప్పి, ప్రాణమే పోవచ్చును. వెనుకబడిన నర్సుచేత ఈ రెండు సిరంజీలను, రెండు సీసాలను ఎదుట పెట్టించి జతపఱపించుట పది ఉపన్యాసములకంటె మేలు. ఇట్టి అపాయకరమైన మందులను ఇంకొక నర్సు కూడ వేఱుగా సరిచూచిన పిదపనే ఇవ్వవలెను.

ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరపు రెండు ఆసుపత్రులలో నర్సులు మందులిచ్చు తీరును కనిపెట్టి చూచి 2010లో ప్రకటించిన పరిశోధనలో, మధ్యలో ఎవరైనను పలుకరించి పని ఆపినకొలది తప్పులు హెచ్చినట్లు తేలెను. ఆ పలుకరించువారిలో మనమును ఉండవచ్చునని మఱువరాదు.

భయము తప్పును దాచును

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రమున 2017లో ఒక వృద్ధురాలికి మనస్సు నెమ్మదింపజేయు "వెర్సెడ్" అను మందు ఇవ్వవలసియుండెను. నర్సు మందుల బీరువా యంత్రములో ఆ పేరులోని మొదటి రెండక్షరములు నొక్కెను. ఆమెకు దొరకినది "వెక్యురోనియం", అనగా కండరములను స్తంభింపజేయు మందు. సీసాపై హెచ్చరిక యున్నను ఆమె గమనింపలేదు. రోగి మరణించెను. నర్సు తన తప్పును తానే ఒప్పుకొనెను. 2022లో న్యాయస్థానము ఆమెను నేరస్థురాలిగా తేల్చి, మూడేండ్ల ప్రొబేషను విధించెను. ఆమె అజాగ్రత్త చిన్నది కాదు. మరణించినామె కుటుంబపు దుఃఖము ఎవ్వరును తీర్పలేనిది. ఐనను నర్సులనేకులు ఆ తీర్పు విని, "ఇకమీదట తప్పును ఎవరు చెప్పుకొందురు?" అని యడిగిరి. ఆ ప్రశ్న విలువైనది. చెప్పిన తప్పును దిద్దవచ్చును. దాచిన తప్పు మఱల జరుగును.

కావున విజ్ఞులు తప్పులను మూడుగా విభజింతురు. మనుష్యమాత్రులకు సహజమైన పొరపాటైనచో ఓదార్చి, మఱల జరుగకుండ ఏర్పాటు చేయవలెను. అపాయ మెఱుగక అలవాటుగా దాటవేసినదైనచో నేర్పి దిద్దవలెను. అపాయ మెఱిగియు లెక్కచేయకున్నచో శిక్షింపవలెను. ఈ మూడింటిని ఒకే గాటకట్టుట న్యాయము కాదు, క్షేమమును కాదు.

దయకును హద్దు కలదు

ఇంతమాత్రమున, ఎంతకాలమైనను ఎదురుచూడవలెనని మేము చెప్పము. నేర్పుటకు గడువు కావలెను. ఏ తేదీకి ఏ పని రావలెనో కాగితముపై వ్రాసి ఇరువురును చేవ్రాలు చేయవలెను. వారమున కొకసారి కూర్చుండి చూచుకొనవలెను. బాగుపడిన సంగతిని బాగుపడినట్లే, "తల్లీ, ఈ వారము నీ లెక్కలు అన్నియు సరిగా వచ్చినవి" అని చెప్పవలెను. గడువు ముగిసినను పని రానిచో, ఆమెను రోగి మంచమునొద్దనుండి తొలగింపవలసినదే. జాలిపడి మంచి సర్టిఫికెట్టు వ్రాసి ఇంకొక ఆసుపత్రికి పంపుట జాలి కాదు. ఆ యూరి రోగులకు చేసిన ద్రోహము.

మన వంతు

గృహిణులమైన మనమేమి చేయగలము? చేయగలిగినది చాల కలదు.

నర్సు మందులు పంచునపుడు పలుకరింపక, ప్రశ్నలను ఆ పని ముగిసినదాక దాచుకొనవలెను. రోగికి ఏ మందు పడదో, ఇంటిలో ఏయే మాత్రలు వాడుచున్నారో ఒక కాగితముపై వ్రాసి చేతికీయవలెను. క్రొత్త మందు వచ్చినపుడు, "సిస్టరమ్మా, ఇది దేనికమ్మా?" అని మెల్లగా అడుగవచ్చును, అది అవమానము కాదు, సహాయము. రోగిని ముట్టుటకు ముందు చేతులు శుభ్రపఱచుకొనుట నర్సులకే కాదు, చూడవచ్చిన చుట్టములకును విధి; సబ్బుతోనైనచో 40 మొదలు 60 సెకనులు, చేతి మందుతోనైనచో 20 మొదలు 30 సెకనులు రుద్దవలెను. నర్సు వలన నిజముగా లోపము జరిగినచో వరండాలో కేకలు వేయక, ఏ దినము, ఏ వేళ, ఏమి జరిగెనో వ్రాసి హెడ్ నర్సునకు ఈయవలెను. అట్టి కాగితముతోనే ఆమెకు ఏమి నేర్పవలెనో తెలియును, కేకలతో తెలియదు.

మఱియొక మాట. నర్సులు మన యిండ్లలోనివారే. కోడలు రాత్రి డ్యూటీ చేసి తెల్లవాఱి ఇల్లు చేరినపుడు, ఆమెకు పొయ్యి అప్పగించుటకు మాఱు తలుపు మూసి ఆఱు గంటలు నిద్రపోనిచ్చు అత్తగారు, ఆ రాత్రి ఆ వార్డులోని రోగులందఱికిని మేలుచేసినదగును. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019 మొదలు ప్రతి సెప్టెంబరు 17వ తేదీని రోగుల భద్రతా దినముగా జరుపుచున్నారు. ఆ దినమున సభలు జరుగును, ఉపన్యాసములు జరుగును. మనమేమో ఇంటిలోని ఇన్సులిను సీసాను, సిరంజిని తీసి, రెండింటిపైని అంకెలును ఒకటేయగునో కాదో చూచుకొందము. ఒకటి కానిచో ఆ పూటయే మందుల దుకాణమునకు వెళ్లి మార్చుకొందము.